గుట్టకవతల గుడారం

ముత్లాను ఈడోళ్ళు కొండంటారు. నాకు నవ్వొస్తాది. మా రాయచోటి పక్క మేకలు గూడా దాన్ని కొండని ఒప్పుకోవు. ఒక దిక్కు ఇసుకలోనుంచి మెల్లిగా లేస్తాది, ఇంకో దిక్కు గులకరాళ్ళతో జారిపోతాది, అంతే. చెట్టు లేదు, చేమ లేదు. చలికాలంలో నాలుగు చినుకులు పడితే మోకాలెత్తు కంపలు పచ్చబడి పసుపుపచ్చ పూలు పూస్తాయి. అది చూసేదానికే కువైటోళ్ళు ఇండ్లకు తాళాలేసుకోని వచ్చి ఆ గుట్ట చుట్టూ గుడారాలేస్తారు. అంతంత మేడలు పెట్టుకోని గుడ్డ కింద పండుకునేదేం సంబరమో! వాళ్ళకది తాతల నాటి ముచ్చట. మాకు మాత్రం రెండిండ్ల చాకిరీ.

అయినా ఆ ఏడు, రెండువేల ఎనిమిది చలికాలంలో, శుక్రవారం గుడారానికి ఎప్పుడు పోతామా అని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కాచుకున్నది నేనే.

నా పేరు మద్దమ్మ. పదహారేండ్ల కింద, ఈడ యుద్ధం అయిపోయినాక, నా కూతురు రమణి నాలుగేండ్ల పిల్లప్పుడు, దాన్ని మా అమ్మ చేతిలో పెట్టి కువైట్ వచ్చినా. అప్పటినుంచి సల్వాలో ఒకే ఇల్లు. మామా అంటే ఈడ ఇంటి యజమానురాలు. మా మామా చెడ్డది కాదు. నోరు పెద్దది గాని చెయ్యెత్తదు. వాళ్ళ పిల్లోళ్ళను ముగ్గురిని పెంచి పెద్ద చేసినా. కడాకు పుట్టింది దానా. నాలుగేండ్లది, నా చంక దిగదు.

దీపావళి ముందర ఒకరోజు వంటింట్లో చేపలు కడగతాంటే ఫోన్ మోగింది. చూస్తే కువైట్ నంబరే.

"మా, నేను రమణిని."

"యాడనుంచి మే?"

"ఈడనుంచే. జహ్రాలో ఒకింట్లో పనికొచ్చినా."

నా చేతిలో చేప జారి తొట్టిలో పడింది. దానికి పెండ్లయి రెండేండ్లు. ఊర్లో ఎనిమిది నెల్ల చంటిబిడ్డ ఉండాది. అల్లుడు ఆటో తిప్పుతాడు. తాగడు, కొట్టడు, మాట మెత్తన.

"బుజ్జిది యాడుండాది మే?"

"అత్త కాడుండాది."

"ఎనిమిది నెల్ల బిడ్డనిడిసి ఎట్లొచ్చినావే? పాలు తాగే బిడ్డ!"

"నన్ను జేజి సాకలేదా?" అనింది. ఫోన్ పెట్టేసింది.

సల్వాకూ జహ్రాకూ కారులో గంట. ఆ గంట దారి మాకు రాయచోటంత దూరం. సెలవియ్యరు, ఒంటరిగా పంపరు. ఒకే దేశంలో ఉండి తల్లీబిడ్డలం మొగాలు చూసుకోలేదు. ఫోన్లో ఎన్ని తూర్లడిగినా ఎందుకొచ్చిందో చెప్పలేదు.  ఈడ కొత్తగా వచ్చిన మనిషికి మూడు నెల్ల గడువుంటాది. ఆ లోపల నేను చేయలేనంటే, తెచ్చిన ఆఫీసోళ్ళే కఫీల్‌కు అంటే వీసా ఇచ్చిన ఇంటాయనకు, ఇంకో మనిషినిచ్చి ఈమెను వెనక్కి పంపుతారు. గడువు దాటితే ఖలాస్. రెండేండ్లు కదలనీరు. రెండేండ్లంటారు గాని, ఎన్ని రెండేండ్లవుతాయో నన్నడగండి. జనవరి నెలాఖరుకు రమణి గడువు నిండిపోతాది. ఆ లోపల దాన్ని బిడ్డ కాడికి తోలాల.

అట్లాంటప్పుడు సుభాన్ చెప్పినాడు ఆ మాట. సుభాన్ మా ఇంటి డ్రైవరు, రాయచోటోడే.

"మద్దక్కా, నీ కూతురు పనిచేసే ఇంటోళ్ళు గూడా ముత్లాలోనే గుడారమేసినారు. నీళ్ళ ట్యాంకరు కాడ వాళ్ళ డ్రైవరు కలిసినాడు. మనకూ వాళ్ళకూ నడమ గుట్టే అడ్డం. కంబానికి పచ్చ లైట్లు కట్టినారు, నీలం ట్యాంకు, గుర్తుపెట్టుకో."

"నడిస్తే ఎంతసేపు?"

"నడిచేది కాదు సమస్య. ఒంటి ఆడమనిషి ఇసుకలో పోతాంటే ఇంట్లోనుంచి పారిపోతాందనుకుంటారు. ఎవడో ఒకడు జీపాపుతాడు, పోలీసుకు ఫోన్ చేస్తాడు. దానాను ఎత్తుకోని పో. చంకలో ఇంటి బిడ్డుంటే ఎవరూ అడగరు."

నిజమే. ఇన్నేండ్లుండీ నాకు తోచలేదు. నా బిడ్డను చూసేదానికి పోవాలంటే చంకలో వాళ్ళ బిడ్డుండాల.

శుక్రవారం మధ్యాన్నం అందరూ కడుపునిండా తిని పండుకున్నారు. "దానాను తిప్పుకొస్తా మామా," అన్నా. ఆమె కండ్లు తెరవకుండానే తలూపింది. పిల్లకు ఉన్ని టోపీ పెట్టి, నా శాలువా దాని చుట్టూ చుట్టి బయల్దేరినా. చలిగాలి చెవుల్లో కోస్తాండాది. కాలు పెడితే గులకరాళ్ళు జారతాండాయి. సగం దూరంలో ఒక ముసలాయన జీపు పక్కనే వచ్చి ఆగింది. నన్ను చూసినాడు, టోపీ అంచు కింద దానా చెవులకున్న బంగారు కమ్మలు చూసినాడు. చెయ్యూపి పోయినాడు. సుభాన్ బుర్రే బుర్ర అనుకున్నా.

గుట్ట మీద నిలబడితే అవతల తెల్ల గుడారాలు చెదిరిన బియ్యం మాదిరి కనబడినాయి. పచ్చ లైట్ల కంబం చూసుకోని దిగినా.

రమణి గుడారం వెనక కూర్చోని పెద్ద దేక్సాను ఇసుకతో తోముతాండాది. చిక్కిపోయింది. మొగం నల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడింది. చలికేమో, మసి చేతులు రెండూ రొమ్ముకు అదిమి పెట్టుకోనుండాది. 

"ఇంత దూరం నడిచొచ్చినావా మా!" అనింది. ఒక అడుగు ముందుకేసింది. అంతలో దాని కండ్లు దానా మీద పడినాయి. అడుగు ఆగిపోయింది.

"ఎవరీ పాప?"

"మా ఇంటి పాప. దానా."

"దించు. బరువు గదా."

"దించితే ఏడుస్తాదే."

రమణి మళ్ళా కూర్చోని దేక్సా లాక్కునింది. నేనూ పక్కన గొంతుక్కూర్చున్నా.

"అల్లుడేమన్నా అన్నాడా?"

"లేదు."

"అత్త?"

"ఆమె బంగారం మా."

"మరెందుకే వచ్చినావు?"

"ఊరికే."

ఊరికే ఇమానమెక్కేటోళ్ళుంటారా! నాలుగు పీకాలన్నంత కోపమొచ్చింది. లోపలినుంచి వాళ్ళ మామా "రమణీ!" అని అరిచింది. ఇది దేక్సా వదిలేసి పరిగెత్తింది. నేను దానాను ఎత్తుకోని వచ్చిన దారినే తిరుక్కున్నా. రమణిని తాకను గూడా తాకలేదని గుట్టెక్కేటప్పుడు గ్యాపకమొచ్చింది.

మరుసటి శుక్రవారం గుట్ట మీదనే కలుద్దామని ఫోన్లో అనుకున్నాం. దానికీ ఒక సాకు దొరికింది. రాత్రి చలిమంటకు కంపలు ఏరుకొస్తానని బయటపడింది. పైన ఒక పెద్ద రాయుండాది, దాని మాటున గాలి తగలదు. ఆడ కూర్చున్నాం.

సుభాన్ చేత మిర్కాబ్‌ బజార్లో రాగిపిండి తెప్పిచ్చి, పొద్దున అందరూ లేచే ముందర సంగటి చేసి పెట్టినా. కాగితంలో చుట్టిన ముద్ద విప్పి, చెనిగ్గింజల చట్నీ పక్కన పెట్టినా. ఆ వాసనకే రమణి కండ్లు పెద్దవయినాయి. మాటా పలుకూ లేకుండా మింగతానే ఉండాది. దానా నాకూ నాకూ అని నోరు తెరిచింది. ఒక చిన్న ముద్ద చట్నీలో అద్ది పెట్టినా. అంతే, పిల్ల మొగం ఎర్రగా అయిపోయి, నాలుక బయటపెట్టి, రెండు చేతుల్తో తుడుచుకుంటా ఎగిరింది.

రమణి పకపకా నవ్వింది. "అయ్యో, రాజుల బిడ్డకు కారం తగిలెనే!" అనింది.

దాని నవ్వు ఎన్నాళ్ళకు విన్నానో. రెండేండ్లకొకతూరి ఇంటికి పోయినప్పుడు గూడా అది నన్ను సుట్టాన్ని చూసినట్టే చూసేది, మంచమేసేది, కాఫీ ఇచ్చేది. ఇట్ల నా ఎదురుగా నోరు తెరిచి నవ్వలేదు. చలికాలమంతా ఇట్లే ఉంటే చాలు, శుక్రవారం శుక్రవారం ఈ రాయి కాడ ఇద్దరం ముద్ద తింటే చాలు, ఇంకేం వద్దు అనిపించింది. ఎవరున్నారు నాకీడ? మాట్లాడితే అరబ్బీ, కలలో గూడా అరబ్బీయే. ఇంటికి పొమ్మని నా నోటితో ఎట్ల చెప్పేది? అయినా చెప్పినా.

"రమణీ, నెలాఖరు దాటితే నిన్ను కదలనీరు. మీ మామాకు చెప్పు, నాకు చంటిబిడ్డుండాది, నేను చేయలేనని. అరిస్తే అరవనీ. టికెట్ నేను చూసుకుంటా. బుజ్జిదాని కాడికి పో తల్లీ."

దాని నవ్వు పోయింది. చేతిలో ఉన్న సంగటి కాగితం మీద పెట్టేసింది.

"నువ్వు చెప్పినావా మా అట్ల? నేను ఇంటికాడుంటే, మీ మామాకు నువ్వు చెప్పినావా?"

 అప్పుడు మీ నాయన పోయినాడు, నాలుగేండ్లు వానల్లేవు అని చెప్పొచ్చు. అవన్నీ దానికి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు నిండదు గదా.

అది కంపల మోపు ఎత్తుకోని దిగిపోయింది. తిరిగి చూడలేదు. దానా మాత్రం చెయ్యూపతానే ఉండాది.

ఆ తరవాత ఫోన్ ఎత్తలేదు. మెసేజీ లేదు. నేనేమో పెట్టిన వంటలో ఉప్పు మరిచిపోయేది, ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మరిచిపోయేది. మామా తిట్టింది, తిట్టి తిట్టి "నీకు ఒంట్లో బాగలేదా?" అని గూడా అడిగింది. బాగుండాది మామా అన్నా.

ఇంకో శుక్రవారమొచ్చింది. ఆ పొద్దు గాలి గుడారాన్ని పీకేసేటట్టుండాది. వస్తాదో రాదో. నేను మాత్రం దానాను చుట్టుకోని ఎక్కినా. రాయి కాడ కూర్చున్నా. చాలాసేపు ఎవరూ రాలేదు. చేతులు కొంకర్లు పోతాండాయి. ఇంక లేద్దామనుకునేసరికి, కింద నల్ల శాలువా ఒకటి కదిలింది.

వచ్చి పక్కన కూర్చునింది. ఈసారి మోపు గూడా లేదు.  ఏం మాట్లాడితే లేచిపోతాదో అని భయం.

దానా పసుపుపచ్చ పూలు కోస్తా కోస్తా దూరం పోయింది. గులకరాళ్ళ మీద కాలు జారి బోర్లా పడింది. మోకాలు చీరుకపోయింది. ఒక్క పెట్టున ఏడుపందుకునింది. నేను మోకాళ్ళు పట్టుకోని లేచే లోపలే రమణి పరిగెత్తింది. పిల్లను లాగి చంకనేసుకునింది.

"లేదు లేదు, ఏడ్వాకు తల్లీ, ఏడ్వాకు. చూడు, నువ్వు పడితే చీమ చచ్చిపోయింది పాపం, చూడు చీమ..."

దానాకు తెలుగు రాదు. అయినా ఆ గొంతుకు సర్దుకునింది. రమణి దాన్ని ఊపుతా ఊపుతా నా కాడికొచ్చింది. అప్పుడు చూసినా. శాలువా తొలిగిపోయింది. నైటీ ముందంతా, రెండు పక్కలా తడిసిపోయుండాది.

నేను చూసేది చూసి అది గబుక్కున శాలువా లాక్కునింది.

"పాలింకా ఇంకలేదా మే?" అన్నా.

"గుడ్డ బిగిచ్చి కట్టుకుంటాండా. మల్లెపూలు కట్టుకుంటే ఇంకిపోతాయని అత్త చెప్పింది. ఈడ మల్లెపూలు యాడ తెచ్చేది?" అని తల దించుకునింది. "పిల్లోళ్ళు ఏడ్చినప్పుడంతా వస్తాది మా. ఆ ఇంట్లో ఏడుమంది పిల్లోళ్ళు. ఎవరో ఒకరు ఏడుస్తానే ఉంటారు."

దేక్సా కాడ చేతులెందుకు రొమ్ముకు అదిమి పెట్టుకోనుండాదో నాకప్పుడు తెలిసింది. నేను చలికనుకున్నా.

"చెప్పు రమణీ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎందుకొచ్చినావు?"

అది దానా జుట్టు సర్దుతా సర్దుతా, నా పక్క చూడకుండా చెప్పింది.

"నీ కాడికొచ్చినా."

నాకర్థం కాలేదు.

"నువ్వు కువైట్లో ఉండావు గదా. నేనూ కువైట్‌కొస్తే నీ కాడుండొచ్చనుకున్నా. ఊర్లో అందరూ అట్లే అంటారు గదా మా. మద్దమ్మ కువైట్లో ఉండాది, ఫలానా వాళ్ళ కోడలు కువైట్లో ఉండాది అని. అదేదో రాయచోటి మాదిరి ఒక ఊరనుకున్నా. పగలంతా ఎవరింట్లో వాళ్ళు చేసుకోని, పొద్దుగూకినాక నీ కాడికొచ్చి పండుకోవచ్చనుకున్నా. ఏజెంటుకు గూడా చెప్పినా, మా అమ్మ ఉండే కాడనే ఇప్పియ్యమని. సరేలేమ్మా అన్నాడు." దానా మోకాలి మీద ఇసుక తుడిచింది. "బుజ్జిది పుట్టినాక దాన్ని ఒళ్ళో పెట్టుకున్నప్పుడంతా నువ్వే గ్యాపకమొచ్చేదానివి. తట్టుకోలేకపోయినా."

దూరపు కొండలు నునుపంటారు. కువైట్ మా పల్లెకు అట్లాంటి కొండే. నేను రెండేండ్లకొకతూరి సెంటు సీసాలూ చాక్లెట్లూ తీసుకపోయి పంచేదాన్ని గాని, ఈడ తలుపులెట్లుంటాయో ఒకనాడన్నా దానికి చెప్పినానా? ఏడ్చి దిగులు పడతాదని చెప్పలేదు.

"ఇట్ల రా," అన్నా.

వచ్చింది. దానాతో సహా వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకునింది. ఇరవై ఏండ్ల మనిషి, ఒక బిడ్డ తల్లి, నాలుగేండ్ల పిల్ల మాదిరి ముడుచుకోని పండుకునింది. దాని తల మీద చెయ్యేసినా. జుట్టంతా ఇసుక. వేళ్ళతో దులుపుతా దులుపుతా చెప్పినా.

"పదహారేండ్లకు నువ్వు నాకోసం ఇమానమెక్కినావు. నువ్వు ఈడనే ఉంటే, ఇంకో పదహారేండ్లకు బుజ్జిది నీకోసం ఎక్కుతాది. అది గూడా మా అమ్మ కువైట్లో ఉండాదనే చెప్పుకుంటాది. ఎంతమందిమెక్కేది మే ఈ గుట్ట?"

రమణి నా కొంగు మొగం మీదికి లాక్కునింది. గాలి మాత్రం కొడతానే ఉండాది.

లేచినాక దానాను నాకియ్యలేదు. చంకనేసుకోని నాతో పాటు మా పక్కకు సగం దూరం దిగింది. ఆడ ఆగి పిల్లను నా చేతిలో పెట్టింది.

"నన్నిట్ల ఎత్తుకున్నావా మా, ఎప్పుడన్నా?"

"ఎత్తుకోలేదా! చెనిక్కాయల చేన్లోకి పోతే చంక దిగేదానివి కాదు. కలుపు తీసేదానికి కొంగుతో ఈపుకు కట్టుకునేదాన్ని."

"నాకు గ్యాపకమే లేదు," అనింది.

"నాకుండాదిలే," అన్నా.

ఆ వారమే అది వాళ్ళ మామాకు చెప్పిందంట. ఆమె ముందు ఇల్లెగిరిపోయేటట్టు అరిచిందంట. తరవాత రమణి శాలువా తీసి చూపిచ్చిందంట. ఏడుమంది బిడ్డల తల్లి ఆమె. చూసి, నోరు మూసుకోని, ఆఫీసుకు ఫోన్ చేసిందంట. నెలాఖరు లోపలే పంపిచ్చేసినారు. నన్ను ఎయిర్‌పోర్టుకు ఎవరు తీసుకపోతారు? ఆ పొద్దు నేను కోళ్ళు కడగతాండా. "పోతాండా మా," అని ఫోన్ చేసింది. "పోయిరా" అనబోయి "పో" అన్నా. మళ్ళా రమ్మనే మాట నా నోటెంట రాకూడదని.

ఆ శుక్రవారం గుట్ట మీద నాకు పని లేకపోయినా కాళ్ళు ఊరుకోలేదు. దానాను ఎత్తుకోని గుట్టెక్కినా. అవతల పచ్చ లైట్ల గుడారం అట్లే ఉండాది. గుడారం వెనక కొత్త మనిషొకామె కూర్చోని అదే దేక్సాను ఇసుకతో తోముతాండాది. ఏ దేశపుదో, ఏ తల్లి కన్నబిడ్డో. నేను చెయ్యూపినా. ఆమె చూడలేదు.

రాయి మాటున కూర్చున్నా. ముందు ఎప్పుడూ ఆ రాయి అంత పెద్దదిగా లేదు. దానా చుట్టూ చూసి, "రమణి ఏది?" అనింది దాని భాషలో.

"వాళ్ళ బిడ్డ కాడికి పోయింది."

పిల్ల కొంచేపు ఆలోచన చేసి నా మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకునింది.   ఆ ఎచ్చదనానికి పిల్ల నిద్రపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఇండియా నంబరు.

"మా, మొదట నా కాడికి రానేలేదు మా. వాళ్ళ జేజి కొంగు ఎనకాల దాక్కోని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను ఏడ్చినా. ఇప్పుడు చూడు, చంక దిగదు. నీళ్ళకు పోతే ఏడుపు, బయటికి పోతే ఏడుపు. ముద్ద నోట్లో పెట్టుకోనీదు. విసుగొస్తాంది మా దీంతో!"

ఫోన్లో వెనకనుంచి చంటిదాని ఏడుపు వినబడతాండాది. వెంటనే ఆ ఏడుపు ఆగిపోయింది. ఎత్తుకున్నట్టుండాది.

"విసుక్కో తల్లీ," అన్నా. "బాగా విసుక్కో."

 ఫోన్ కొంగున ముడేసుకోని, దానాను భుజానేసుకోని గుట్ట దిగినా. మామా లేచే యాళయింది.